మే నెలాఖరు ఎల్లోస్టోన్: ఒక నది పొంగుతుంటే పక్క నదిలో చేప ఎందుకు పడుతుంది?

సంక్షిప్తంగా: అమెరికాలోని ఎల్లోస్టోన్ జాతీయ ఉద్యానవనంలో చేపలవేట కాలం మే నెల చివరి వారాంతంలో మొదలవుతుంది. అదే సమయానికి మంచు కరిగి పార్కులోని పెద్ద నదులు బురదగా పొంగుతుంటాయి. ఫైర్‌హోల్, మాడిసన్ నదులు మాత్రం ఆ రోజుల్లోనే ఫ్లై ఫిషింగ్‌కు, అంటే ఈకలతో చేసిన కృత్రిమ పురుగును ఎరగా విసిరే చేపలవేటకు, బాగా అనుకూలిస్తాయి. కింది నేల స్వభావం, వేడినీటి బుగ్గలు, నీటి పురుగుల జీవనచక్రం కలిసి ఈ తేడాను తెస్తున్నాయి. బైసన్ (అమెరికా అడవి దున్న), ఎల్క్ (పెద్ద జింక), ఎలుగుబంట్లు ఆ ఒడ్డులకే చేరడం వెనుకా ఇవే కారణాలు చాలావరకు కనిపిస్తాయి. జూన్‌లో నదికి మేలు చేసిన వేడి జూలైలో చేపలకు ప్రాణాంతకమవుతుంది.

అమెరికాలో మే నెల చివరి సోమవారం మెమోరియల్ డే. ఆ మూడు రోజుల సెలవుల్లో ఎల్లోస్టోన్‌కు వెళ్ళే తెలుగు కుటుంబాలు చాలానే ఉంటాయి. పశ్చిమ ద్వారం గుండా లోపలికి వెళ్ళేవారికి మాడిసన్ నది రోడ్డు పక్కనే కనిపిస్తుంది. నడుములోతు నీళ్ళలో నిలబడి, పొడవైన గాలాన్ని గాలిలో ముందుకూ వెనక్కూ ఊపుతూ కొందరు చేపలు పడుతుంటారు. కొద్ది గంటల తర్వాత పార్కు ఈశాన్యంలోని లమార్ లోయకు చేరితే నది గోధుమరంగులో, ఒడ్డులు కోస్తూ పారుతుంటుంది, దాని దగ్గర గాలం పట్టుకున్న మనిషి కనిపించడు. మళ్ళీ జూలైలో వెళ్ళిన వారికి ఈ దృశ్యం పూర్తిగా తిరగబడి ఉంటుంది. లమార్ తేరుకుని వేటగాళ్ళతో నిండి ఉంటే, వేడి ఎక్కువైన ఏళ్ళలో మాడిసన్, ఫైర్‌హోల్ నదుల మీద మధ్యాహ్నం తర్వాత వేట నిషేధమనే బోర్డులుంటాయి. ఒకే పార్కులో, ఒకే ఎండ కింద ఉన్న నదులు ఇలా రెండు రకాలుగా ప్రవర్తించడానికి కారణం వాతావరణంలో కన్నా నీరు ఎక్కడినుంచి, ఏ రాతి మీదుగా వస్తోందన్న దానిలోనే ఎక్కువగా ఉంది.

మంచు కరిగినప్పుడు బురద ఎక్కడినుంచి వస్తుంది

తెలుగు నేల మీద మే నెలాఖరంటే నదులు అట్టడుగుకు చేరే కాలం. గోదావరికి ఎర్రనీరు రావాలంటే రుతుపవనాలు రావాలి. రాకీ పర్వతాల్లో మాత్రం నవంబరు నుంచి ఏప్రిల్ దాకా కురిసిన మంచంతా కొండల మీదే పేరుకుని, మే, జూన్ నెలల్లో కరిగి ఒక్కసారిగా కిందికి దిగుతుంది. అందువల్ల అక్కడి నదులకు ఏడాదిలో అతి పెద్ద ప్రవాహం చుక్క వాన పడకపోయినా ఈ రోజుల్లోనే వస్తుంది. పగటి ఎండకు కరిగిన నీరు సాయంత్రానికో అర్ధరాత్రికో నదిని చేరుతుంది కాబట్టి, ఒకే రోజులో నీటిమట్టం పెరిగి తగ్గడం కూడా సాధారణమే.

అయితే ఈ నీరు అన్ని నదులనూ ఒకే తీరుగా బురదమయం చేయదు. పార్కు ఈశాన్య సరిహద్దున ఉన్న అబ్సరోకా కొండలు పాత అగ్నిపర్వతాల బూడిద, రాళ్ళముక్కలు కలిసి గట్టిపడిన పొరలతో ఏర్పడ్డాయి. ఇవి నీటికి సులువుగా కోసుకుపోతాయి, పైగా వాలు ఎక్కువ. లమార్, సోడా బ్యూట్ ఏర్లు ఈ మట్టిని మోసుకొచ్చి ఎల్లోస్టోన్ నదిలో కలుపుతాయి. పార్కు పశ్చిమ భాగంలో మాత్రం రయొలైట్ అనే లావా శిల పరుచుకున్న ఎత్తైన పీఠభూమి ఉంది. ఇక్కడ వాలు తక్కువ, రాతిలో పగుళ్ళు ఎక్కువ. కరిగిన మంచులో పెద్ద భాగం నేలలోకి ఇంకి, నెలల తరబడి ఊటలుగా నెమ్మదిగా బయటికొస్తుంది. ఈ పీఠభూమి మీదే ఫైర్‌హోల్, గిబ్బన్ నదులు పుట్టి, మాడిసన్ జంక్షన్ దగ్గర కలిసి మాడిసన్ నదిగా మారతాయి. అది పశ్చిమంగా మోంటానా రాష్ట్రంలోకి సాగి, త్రీ ఫోర్క్స్ ఊరి దగ్గర జెఫర్సన్, గాలటిన్ నదులతో కలిసి మిస్సోరీ నదికి జన్మనిస్తుంది. రయొలైట్ నేల నీటిని పట్టి ఉంచి మెల్లగా వదులుతుంది కాబట్టి మాడిసన్ పొంగు ఎల్లోస్టోన్ పొంగంత తీవ్రంగా ఉండదు, నీటి రంగు కూడా త్వరగా తేటపడుతుంది.

ఈ తేడా ఎంతటిదో 2022 జూన్ వరదల్లో బయటపడింది. మంచు ఇంకా దట్టంగా ఉన్న కొండల మీద వెచ్చని వాన కురవడంతో, జూన్ 13న ఎల్లోస్టోన్ నది కార్విన్ స్ప్రింగ్స్ కొలమానం దగ్గర సుమారు 50 వేల క్యూసెక్కులకు చేరింది. అంతకు ముందు అక్కడి రికార్డు 32 వేల దరిదాపుల్లో ఉండేది. గార్డ్‌నర్ లోయలోని ఉత్తర ద్వారం రోడ్డు ముక్కలై కొట్టుకుపోయింది, ఈశాన్య ద్వారం రోడ్డు కూడా తెగింది. పది వేలకు పైగా సందర్శకులను బయటికి పంపించి అన్ని ద్వారాలనూ మూసివేశారు. ఫైర్‌హోల్, మాడిసన్ ఉన్న దక్షిణ వలయపు రోడ్లు మాత్రం జూన్ 22కే తిరిగి తెరుచుకున్నాయి. దీన్ని కేవలం అదృష్టమని సరిపెట్టుకోలేము, కింది రాయి, వాలు ఇందులో తమ వంతు పని చేశాయి.

వేడినీటి బుగ్గలు నదికి చేసే మేలు, కీడు

ఫైర్‌హోల్ నది పొడవు సుమారు 34 కిలోమీటర్లు. ఇంత చిన్న నది ఓల్డ్ ఫెయిత్‌ఫుల్ ఉన్న ఎగువ గీజర్ క్షేత్రం నుంచి మిడ్‌వే, దిగువ క్షేత్రాల దాకా ప్రపంచంలోనే అత్యధికంగా గీజర్లు (వేడినీటిని పైకి చిమ్మే బుగ్గలు) గుమిగూడిన ప్రాంతం మధ్యగా పారుతుంది. అవన్నీ చిమ్మిన నీరు చివరికి చేరేది ఈ నదిలోకే. మిడ్‌వేలోని ఎక్సెల్సియర్ అనే ఒక్క గుండం నుంచే నిమిషానికి సుమారు 15 వేల లీటర్ల నీరు, 93 డిగ్రీల సెల్సియస్ వేడితో, ఒడ్డున రంగురంగుల చారలు గీస్తూ నదిలోకి జారుతుంది. క్యూసెక్కుల్లో చెప్పుకుంటే ఇది తొమ్మిది.

తొమ్మిది క్యూసెక్కులు చిన్న అంకెగానే కనిపిస్తుంది, దాని ప్రభావం నదిలో ఎంత నీరుందన్న దాన్ని బట్టి మారుతుంది. ఉదాహరణకు నదిలో 300 క్యూసెక్కుల నీరు 10 డిగ్రీల చలితో ఉన్నప్పుడు ఈ వేడినీరు పూర్తిగా కలిస్తే మొత్తం సుమారు 12.4 డిగ్రీలకు చేరుతుంది. అదే వేసవి నడుమ ప్రవాహం సగానికి, అంటే 150 క్యూసెక్కులకు తగ్గి, నీరు అప్పటికే 16 డిగ్రీలుంటే, ఆ తొమ్మిది క్యూసెక్కులే దాన్ని 20 డిగ్రీలు దాటిస్తాయి. వాస్తవంలో వేడినీరు నదిని చేరేలోపు కొంత చల్లారుతుంది, మరోవైపు ఇలాంటి బుగ్గలు పదులకొద్దీ ఉన్నాయి, కనుక ఈ లెక్కను ఉజ్జాయింపుగానే తీసుకోవాలి. అయినా అసలు విషయం దీనిలో స్పష్టంగా ఉంది. భూగర్భం నుంచి వచ్చే వేడి ఏడాది పొడవునా దాదాపు ఒకే తీరుగా ఉంటుంది, మారేది దాన్ని పలుచన చేసే మంచునీరు. మే, జూన్ నెలల్లో ఆ మంచునీరు పుష్కలంగా ఉండటంతో నది చల్లగా, కానీ గడ్డకట్టించేంత చల్లగా కాకుండా, సరిగ్గా ట్రౌట్ చేపకు ఆకలి పుట్టే స్థాయిలో నిలుస్తుంది.

ట్రౌట్ శరీర ఉష్ణోగ్రత చుట్టూ ఉన్న నీటిదే. నీరు నాలుగైదు డిగ్రీలున్నప్పుడు దాని జీర్ణక్రియ మందగిస్తుంది, అది అడుగున కదలకుండా ఉండిపోతుంది. 10 నుంచి 16 డిగ్రీల మధ్య చురుకుగా మేస్తుంది. 20 డిగ్రీలు దాటాక రెండు వైపుల నుంచి ఇబ్బంది మొదలవుతుంది. చేపకు ఆక్సిజన్ అవసరం పెరుగుతుంది, అదే సమయంలో నీటిలో కరిగే ఆక్సిజన్ తగ్గుతుంది. సముద్రమట్టంలో 10 డిగ్రీల నీరు లీటరుకు సుమారు 11 మిల్లీగ్రాముల ఆక్సిజన్‌ను పట్టుకోగలిగితే 20 డిగ్రీల నీరు 9 మాత్రమే పట్టుకుంటుంది. ఫైర్‌హోల్ లోయ రెండు వేల మీటర్లకు పైబడిన ఎత్తులో ఉంది, అక్కడ గాలి పలుచన కాబట్టి ఈ రెండు అంకెలూ ఇంకా కిందికి దిగుతాయి. నడి వేసవిలో నదిలోని కొన్ని చోట్ల నీరు 30 డిగ్రీల దాకా వెళ్ళిన సందర్భాలున్నాయి. అప్పుడు చేపలు నదిని వదిలి ఐరన్ స్ప్రింగ్, సెంటినెల్ వంటి చల్లని ఉపనదుల్లోకి ఎగబాకుతాయి.

ఇక్కడ ఒక విషయం గుర్తు చేసుకోవాలి. ఫైర్‌హోల్‌లో ఎగువన అసలు చేపలే ఉండేవి కావు. సుమారు 12 మీటర్ల ఫైర్‌హోల్ జలపాతాన్ని ఏ చేపా ఎక్కలేకపోయింది. 1889 నుంచి ప్రభుత్వమే చేపపిల్లలను తెచ్చి వదిలింది. ఇప్పుడక్కడ దొరికే బ్రౌన్ ట్రౌట్ మూలం యూరప్, రెయిన్‌బో ట్రౌట్ మూలం పసిఫిక్ తీరపు నదులు. అడవి నదిలో సహజమైన వేటగా పేరు పొందినది నిజానికి మనుషులు నాటిన చేపల మీద నడుస్తోంది. దిగువన మాడిసన్‌లో సహజంగా ఉండిన వెస్ట్‌స్లోప్ కట్‌త్రోట్, గ్రేలింగ్ చేపలు ఈ కొత్తవారి పోటీకి నిలవలేకపోయాయి. వాటిని తిరిగి నిలబెట్టే ప్రయత్నం కొన్నేళ్ళుగా గిబ్బన్ నది ఎగువ భాగంలో జరుగుతోంది.

మబ్బు పట్టిన మధ్యాహ్నం, నీటి మీద పురుగు

ఫ్లై ఫిషింగ్ గాలానికి వానపాము, రొయ్య వంటి ఎర ఉండదు. ఫైర్‌హోల్, మాడిసన్ నదుల్లో పార్కు పరిధిలో ఫ్లై తప్ప మరో పద్ధతికి అనుమతే లేదు. ఫ్లై అంటే కొక్కెం మీద కోడిపుంజు మెడ ఈక, జంతువుల నూగు, దారం చుట్టి పురుగు ఆకారం తెచ్చిన కృత్రిమ ఎర. పొడవు చాలాసార్లు ఒక సెంటీమీటరు కూడా ఉండదు, బరువు లేనట్టే. మామూలు గాలంలో బరువైన ఎర తన వెంట దారాన్ని లాక్కెళుతుంది. ఇక్కడ దారానికే బరువుంటుంది, దాన్ని గాలిలో వెనక్కి చాచి ముందుకు విసిరితే చివరనున్న ఈక దాని వెంట వెళ్ళి వాలుతుంది. రోడ్డు మీదినుంచి చూసేవారికి వింతగా తోచే ఆ ఊపుల అర్థం ఇదే.

ఈ పద్ధతి ఫలించాలంటే నీటిలో అసలు పురుగులు ఉండాలి, అవి బయటికి వచ్చే సమయం కావాలి, నీరు తేటగా ఉండాలి. మే నెలాఖరు ఫైర్‌హోల్‌లో ఈ మూడూ కలిసొస్తాయి. మేఫ్లై అనే సున్నితమైన పురుగు తన జీవితంలో అత్యధిక భాగాన్ని రాళ్ళ కింద రెక్కలు లేని పిల్లదశలో గడుపుతుంది. నీరు తగినంత వెచ్చబడిన రోజున పైకి ఈది, నీటి పైపొరను తాకి, వీపు మీద చర్మం చీల్చుకుని, రెక్కలతో బయటికొస్తుంది. రెక్కలు ఆరి ఎగిరేదాకా అది నీటి మీద నిలువు తెరచాపతో చిన్న పడవలా తేలుతూ పోక తప్పదు. ఎండ కాసే పొడి రోజున ఇది కొన్ని క్షణాల పని. మబ్బు పట్టి, చలిగాలి వీస్తూ, తుంపర పడే రోజున రెక్కలు ఆరవు, పురుగు మీటర్ల కొద్దీ కొట్టుకుపోతుంది. ట్రౌట్ నీటి పైకొచ్చి మేయడానికి ఇంతకన్నా మంచి అవకాశం ఉండదు. పర్యాటకులు పాడైపోయిన రోజుగా భావించే మబ్బు మధ్యాహ్నాన్ని వేటగాళ్ళు ఏరి కోరి ఎంచుకోవడంలోని తర్కం ఇది. బీటిస్ జాతి చిన్న మేఫ్లైలు ఇలాంటి రోజుల్లోనే ఎక్కువగా వస్తాయి. లేత పసుపు మేఫ్లైలు, తెల్లని క్యాడిస్ పురుగులు ఆ వెనుకే మొదలవుతాయి.

దగ్గరినుంచి గమనిస్తే చేప మేత తీరు కూడా తెలుస్తుంది. మీసమంత అల పుట్టించి ముక్కు మాత్రం పైకి చూపే చేప రెక్కలు ఆరని పురుగునో చచ్చి తేలుతున్నదాన్నో తీసుకుంటోంది. నీళ్ళు చిమ్ముతూ ఎగిసే చేప వేగంగా పైకి ఈదే క్యాడిస్‌ను తరుముతోంది. వీపు కనిపించి ముక్కు కనిపించకపోతే అది నీటి పైపొరకు కొద్దిగా కింద, ఇంకా చర్మం వదలని పిల్లపురుగులను ఏరుకుంటోంది. కొక్కేనికి ఏ ఫ్లై కట్టాలన్నది ఈ తేడాను బట్టే తేలుతుంది. ఫ్లై సరైనదైనా అది చుట్టూ ఉన్న నురగకన్నా వేగంగానో నెమ్మదిగానో జరిగితే చేప ముట్టదు. దారం వేరే పాయలో చిక్కి ఫ్లైని పక్కకు లాగడమే కొత్తవారి వైఫల్యానికి అన్నిటికన్నా సాధారణ కారణం.

మరో పురుగు విషయం కొంత వేరు. సామన్‌ఫ్లై సుమారు ఐదు సెంటీమీటర్లుంటుంది, నీటిలో మూడు నాలుగేళ్ళు పెరిగి, నీరు 10 నుంచి 13 డిగ్రీలకు చేరిన రోజుల్లో గుంపులుగా ఒడ్డుకు పాకి, విల్లో పొదల కొమ్మల మీద చర్మం విడుస్తుంది. నది దిగువ ముందు వెచ్చబడుతుంది కాబట్టి ఈ పురుగుల రాక కూడా రోజురోజుకీ ఎగువకు జరుగుతుంది. పార్కు బయట మాడిసన్ నదిలో ఇది సాధారణంగా జూన్ చివరినుంచి జూలై మొదటి రోజుల దాకా సాగుతుంది. ఆ తేదీలకు ముందే సెలవు పెట్టుకుని వచ్చేవారు తరచుగా నిరాశపడతారు. పురుగు లెక్కలో నీటి ఉష్ణోగ్రత ఉంటుంది గాని తేదీ ఉండదు.

ఒడ్డున బైసన్, ఎల్క్, ఎలుగుబంటి

ఫైర్‌హోల్ లోయలో నేలే వెచ్చగా ఉండటం వల్ల మంచు పలుచగా పడుతుంది, త్వరగా పోతుంది. చలికాలమంతా బైసన్ గుంపులు ఇక్కడ గడ్డి తవ్వుకుని బతుకుతాయి. ఏప్రిల్ చివరినుంచి మే అంతా అవి దూడలను ఈనే కాలం. అప్పుడే పుట్టిన దూడ నారింజ కలిసిన ఎర్రరంగులో ఉంటుంది, పుట్టిన కొన్ని గంటల్లోనే తల్లి వెంట నడుస్తుంది. చలికాలంలో పార్కు పశ్చిమ సరిహద్దు దాటి వెళ్ళిన గుంపులు కూడా ఇదే సమయంలో మాడిసన్ ఒడ్డు వెంట, చాలాసార్లు రోడ్డు మీదుగానే, తిరిగి లోపలికి వస్తాయి. వాహనాలు గంటల తరబడి ఆగిపోవడానికి ప్రధాన కారణం ఈ తిరుగు ప్రయాణమే.

వెచ్చని లోయ బతకడానికి సాయపడినా దానికి ధర ఉంది. భూగర్భపు నీరు తడిపే ఆ మేతలో సిలికా, ఫ్లోరైడ్ ఎక్కువ. నల్లగొండ ఫ్లోరోసిస్ గురించి విన్న పాఠకులకు దాని ఫలితం ఊహించడం కష్టం కాదు. మాడిసన్, ఫైర్‌హోల్ లోయల్లో పెరిగిన ఎల్క్ పళ్ళు త్వరగా అరిగిపోతాయి, మేత నమలలేక అవి ఇతర చోట్ల ఎల్క్‌ల కన్నా తొందరగా బలహీనపడతాయి. చలికాలం చివర అలా పడిపోయిన ఎల్క్, బైసన్ కళేబరాలే నిద్ర లేచిన గ్రిజ్లీ ఎలుగుబంట్లకు తొలి భోజనం. కళేబరం దగ్గరున్న ఎలుగుబంటి మీదికి మనిషి తెలియక నడిచి వెళ్ళే ప్రమాదం ఉంది కాబట్టే ఫైర్‌హోల్ ఎలుగుబంట్ల నిర్వహణ ప్రాంతాన్ని మార్చి 10 నుంచి మెమోరియల్ డే వారాంతపు శుక్రవారం దాకా మూసి ఉంచుతారు. మరుసటి రోజు శనివారమే చేపలవేట కాలం మొదలవుతుంది. అంటే వేటగాడు తొలిరోజున అడుగుపెట్టే గడ్డిమైదానంలో నిన్నటిదాకా ఎలుగుబంట్లు ఏ అడ్డూ లేకుండా తిరిగాయి.

మే చివరినుంచి జూన్ నడిమి దాకా ఎల్క్‌లు ఈనుతాయి. మొదటి రోజుల్లో ఎల్క్ పిల్ల తల్లి వెంట తిరగదు, పొడవాటి గడ్డిలో కదలక పడుకుంటుంది. దానికి వాసన కూడా తక్కువ. ఎలుగుబంట్లు, తోడేళ్ళు మైదానాన్ని అడ్డంగా నిలువుగా జల్లెడ పట్టి వెతుకుతాయి. విల్లో పొదల మధ్యగా నదివైపు నడిచే మనిషి ఆ పిల్ల పక్కకు అనుకోకుండా చేరితే తల్లి ఎల్క్ ముందుకాళ్ళతో దాడి చేస్తుంది. పార్కు నిబంధన ప్రకారం బైసన్, ఎల్క్‌లకు కనీసం 25 గజాలు, ఎలుగుబంట్లు, తోడేళ్ళకు 100 గజాలు దూరం పాటించాలి. ఎల్లోస్టోన్‌లో మనుషులను ఎక్కువగా గాయపరిచిన జంతువు ఎలుగుబంటి కాదు, బైసన్. తొమ్మిది వందల కిలోల దాకా తూగే మగ బైసన్ గంటకు యాభై కిలోమీటర్లకు పైగా పరుగెత్తగలదు.

దూడల విషయంలో జాలి చేసే హాని కూడా నమోదైంది. 2016 మేలో సందర్శకులు ఒక బైసన్ దూడ చలికి వణుకుతోందని కారులో ఎక్కించుకుని సిబ్బంది దగ్గరికి తెచ్చారు. 2023 మేలో లమార్ నది దాటలేక వెనుకబడిన దూడను ఒక సందర్శకుడు ఒడ్డుకు నెట్టాడు. రెండుసార్లూ మంద దూడను తిరిగి చేర్చుకోలేదు, అది రోడ్ల మీద మనుషుల, వాహనాల దగ్గరికి వస్తూ ఉండటంతో సిబ్బంది దాన్ని చంపవలసి వచ్చింది. నది దాటేటప్పుడు కొన్ని దూడలు వెనుకబడటం, కొన్ని కొట్టుకుపోవడం ఈ రుతువులో ఏటా జరిగేదే. వాటి కళేబరాల మీదే తోడేళ్ళు, గద్దలు, కాకులు ఆధారపడతాయి.

పక్షుల్లో నది స్థితిని అందరికన్నా ముందు చెప్పేది డిప్పర్ అనే బూడిదరంగు చిన్న పిట్ట. అది నీటి కిందికి దిగి, అడుగు రాళ్ళ మీద నడుస్తూ, మేఫ్లై, క్యాడిస్ పిల్లపురుగులను ఏరుకుంటుంది. చలికాలంలో మన జలాశయాల మీద కూడా కనిపించే ఆస్ప్రే అనే చేపల గద్ద ఏప్రిల్ నాటికి ఇక్కడ గూడు కడుతుంది. అది చేపను పైనుంచి చూసి దూకే పక్షి, బురదనీటిలో దానికి వేట కష్టం. తేటగా ఉండే మాడిసన్ ఈ రోజుల్లో దానికి కూడా అనుకూలం.

ఒక చేప పోతే ఎల్క్ పిల్లకు ముప్పెలా వచ్చింది

నదినీ అడవినీ విడివిడిగా చూడటం ఎంత పొరపాటో ఎల్లోస్టోన్ సరస్సు ఉదంతం చూపుతుంది. ఆ సరస్సులోని కట్‌త్రోట్ ట్రౌట్ ఇక్కడి సొంత చేప. వసంతం చివర మంచు పొంగు తగ్గే వేళకు అది వేల సంఖ్యలో చిన్న ఏర్లలోకి ఎదురీది గుడ్లు పెడుతుంది. మోకాలిలోతు నీళ్ళలో ఇరుక్కున్న ఆ చేపలను గ్రిజ్లీలు, గద్దలు, నీటికుక్కలు తినేవి. 1994లో సరస్సులో లేక్ ట్రౌట్ అనే పరాయి చేప బయటపడింది. అది కట్‌త్రోట్‌ను తింటుంది, కానీ తాను లోతు నీటిలో ఉంటుంది, గుడ్లు కూడా సరస్సులోనే పెడుతుంది. అందువల్ల ఎలుగుబంటికి పాత చేప పోయింది, కొత్త చేప అందలేదు. క్లియర్ క్రీక్ అనే ఒక్క ఏటిలోకి 1978లో 70 వేలకు పైగా కట్‌త్రోట్‌లు ఎక్కగా, 2007 నాటికి ఆ సంఖ్య ఐదారు వందలకు పడిపోయింది.

ఆకలి మాత్రం ఎక్కడికీ పోలేదు. అదే రోజుల్లో, అదే ప్రాంతంలో దొరికే మరో మాంసాహారం అప్పుడే పుట్టిన ఎల్క్ పిల్ల. గ్రిజ్లీలు దానివైపు ఎక్కువగా మళ్ళాయని, పార్కులోకి వలస వచ్చే ఎల్క్ మందల్లో పిల్లల సంఖ్య తగ్గడానికి అది ఒక కారణమని 2013లో వెలువడిన పరిశోధన వివరించింది. ఎల్క్ తగ్గుదలను 1995లో తిరిగి తెచ్చిన తోడేళ్ళ ఖాతాలోనే వేసే వాదన అప్పటికి బలంగా ఉండేది. ఒక చేప లెక్కను కలపకుండా ఆ వాదన పూర్తి కాదని దీనితో తేలింది. వలలతో లేక్ ట్రౌట్‌ను తొలగించే పని ఏటా జరుగుతోంది, ఇప్పటికి 40 లక్షలకు పైగా పట్టి తీశారు. కట్‌త్రోట్ కొంత తేరుకుంటోంది.

మాడిసన్‌లో దెబ్బ మరోలా పడింది. యూరప్ నుంచి వచ్చిన ఒక పరాన్నజీవి చేపపిల్లల మృదులాస్థిని తినేస్తే అవి గుండ్రంగా గిరగిర తిరుగుతూ చనిపోతాయి. 1994లో ఈ వ్యాధి మాడిసన్‌లో బయటపడింది, అక్కడి రెయిన్‌బో ట్రౌట్ దాదాపు తొంభై శాతం తగ్గాయి, బ్రౌన్ ట్రౌట్ మాత్రం నిలబడ్డాయి. బ్రౌన్ ట్రౌట్ కూడా యూరప్ చేపే కాబట్టి దానికి కొంత సహజ నిరోధకత ఉంది. దానికితోడు కాలం కలిసొచ్చింది. బ్రౌన్ ట్రౌట్ శరదృతువులో గుడ్లు పెడుతుంది, వసంతం చివరికి దాని పిల్లలు కొంత ఎదిగి ఉంటాయి. రెయిన్‌బో వసంతంలో గుడ్లు పెట్టడంతో, అడుగు బురదలోని పురుగులు ఆ పరాన్నజీవిని నీటిలోకి విరివిగా వదిలే రోజుల్లోనే దాని లేత పిల్లలు బయటికొస్తాయి. వ్యాధులు, పరాయి నత్తలు ఒక నది నుంచి మరో నదికి బూట్ల ద్వారా పాకకుండా పార్కులో ఉన్ని అడుగు బూట్లను నిషేధించారు, పరికరాలు కడిగి ఆరబెట్టుకోవాలని చెబుతున్నారు.

జూలై నిషేధాలు, మారుతున్న రుతువు

జూన్ గడిచి మంచునీరు తగ్గగానే పైన చెప్పిన వేడి లెక్క రెండో వైపుకు తిరుగుతుంది. 2021 జూలైలో నీరు వేడెక్కి, ప్రవాహం పడిపోవడంతో పార్కు నదులన్నిటిలో మధ్యాహ్నం 2 గంటల నుంచి సూర్యోదయం దాకా వేట ఆపారు. మోంటానా రాష్ట్రం కూడా పార్కు బయటి నదుల మీద మధ్యాహ్నం 2 నుంచి అర్ధరాత్రి దాకా ఇలాంటి ఆంక్షలే పెడుతుంటుంది. నీటి ఉష్ణోగ్రత వరుసగా మూడు రోజులు 23 డిగ్రీల దరిదాపులకు చేరడం అందుకు ఒక కొలమానం. నీరు అత్యంత వేడెక్కేది మధ్యాహ్నం తర్వాత, చల్లబడేది తెల్లవారుజామున కాబట్టి గంటల లెక్క అలా పెట్టారు.

పట్టిన చేపను తిరిగి వదిలేస్తున్నప్పుడు నిషేధం దేనికన్న ప్రశ్న తరచుగా వస్తుంది. కొక్కేనికి చిక్కి పెనుగులాడిన చేప పరుగెత్తి అలసిన జంతువు లాంటిది, దాని కండరాల్లో లాక్టిక్ ఆమ్లం పేరుకుంటుంది, తేరుకోవడానికి అదనపు ఆక్సిజన్ కావాలి. 13 డిగ్రీల నీటిలో అది నిమిషాల్లో కోలుకుంటుంది. 22 డిగ్రీల నీటిలో ఆ ఆక్సిజన్ దొరకక, ఈదుకుంటూ వెళ్ళినట్టే కనిపించి తర్వాత చనిపోవచ్చు. వదిలేయడం చేపను కాపాడుతుందన్న నమ్మకం చల్లని నీటికి మాత్రమే వర్తిస్తుంది.

అమెరికా పశ్చిమ ప్రాంతపు నదుల్లో ఇరవయ్యో శతాబ్దం ద్వితీయార్ధంలో మంచునీటి పొంగు ఒకటి నుంచి నాలుగు వారాలు ముందుకు జరిగింది. ఈ ధోరణి ఫైర్‌హోల్ వంటి నదికి రెండు రకాలుగా తగులుతుంది. మంచు ముందే కరిగితే మే మొదట్లోనే నీరు మేఫ్లైలకు అనువుగా మారవచ్చు, కానీ వేటకాలం తెరిచే రోజు మెమోరియల్ డే వారాంతానికి కట్టుబడి ఉంది. మరోవైపు భూగర్భపు వేడిని పలుచన చేసే చల్లని నీరు ముందే అయిపోతుంది కాబట్టి నిషేధాలు జూన్ చివరికే అవసరమయ్యే సంవత్సరాలు పెరగవచ్చు. రెండు చివరలా కాలం తరిగితే నాలుగైదు వారాల మంచి వేట మూడు వారాలకు కుదించుకుపోతుంది, వేటగాళ్ళ సంఖ్య తగ్గదు కాబట్టి ఒక్కో చేప మీద పడే ఒత్తిడి పెరుగుతుంది. లమార్ వంటి నదుల్లో ఇదే మార్పు వేరుగా కనిపిస్తుంది. అక్కడ బురద ముందే తగ్గి, వేట జూలై మొదటికే మొదలుకావచ్చు.

మే నెలాఖరులో బయలుదేరేవారు వాతావరణ సూచన ఒక్కటే చూసుకుంటే సరిపోదు. అమెరికా భూగర్భ సర్వే సంస్థ ఈ నదుల ప్రవాహాన్ని క్యూసెక్కుల్లో, కొన్ని చోట్ల నీటి ఉష్ణోగ్రతను కూడా ఎప్పటికప్పుడు ఆన్‌లైన్‌లో ఉంచుతుంది. మూడు నాలుగు రోజుల గీతను చూస్తే నది ఎక్కుతోందా దిగుతోందా అన్నది తెలుస్తుంది. మొత్తం నీటి పరిమాణం కన్నా, దిగుతున్న నదిలో చేప మేతకు వస్తుందన్న సంగతి ముఖ్యం. రాష్ట్ర ప్రభుత్వపు లైసెన్సు పార్కు లోపల చెల్లదు, పార్కు అనుమతి విడిగా తీసుకోవాలి. సీసపు బరువులు, ముల్లు ఉన్న కొక్కేలు వాడకూడదు.